ఒంగోలు జాతి పశువుల పరిశోధన: భారత్–బ్రెజిల్ సహకారాన్ని ఏ లెక్కతో కొలవాలి?

ఒంగోలు_గ్రంథాలయం (ప్రశ్న)

నమస్తే అండి. లైబ్రరీ సైన్స్ డిసర్టేషన్ కోసం ఒంగోలు జాతి పశువుల మీద 1990 నుంచి 2024 దాకా వచ్చిన పేపర్లు తీసుకుని, ఏ దేశంవాళ్లు ఏ దేశంవాళ్లతో కలిసి రాశారో కొలుస్తున్నాను. మన గిత్తే బ్రెజిల్‌కు వెళ్లి నెలోర్ అయింది. 19వ శతాబ్దంలో మొదలైన ఎగుమతి 1960ల తొలినాళ్ల దాకా సాగింది. ఇవాళ అక్కడి మాంసపు పశువుల్లో పెద్ద వాటా ఈ జాతిదీ, దీని సంకరాలదీ. పశువు ఒకటే కాబట్టి రెండు దేశాల పరిశోధకుల మధ్య రాకపోకలు గట్టిగానే ఉంటాయని ఎవరైనా అనుకుంటారు.

స్కోపస్ (పరిశోధన పేపర్ల డేటాబేస్) నుంచి దించిన ఫైలుతో వాస్‌వ్యూయర్‌లో (ఎవరు ఎవరితో కలిసి రాశారో బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్) దేశాల పటం గీస్తే వేరే బొమ్మ వచ్చింది. బ్రెజిల్ పెద్ద వృత్తం, దానికీ అమెరికాకూ మధ్య లావుపాటి గీత. భారత్ ఒక అంచున చిన్నగా ఉంది. బ్రెజిల్‌తో గీత ఉందో లేదో కళ్లు చిట్లించి చూడాలి. గైడ్ గారు అడిగేది ఒకటే: "సహకారం బలంగా ఉందా, బలహీనంగా ఉందా? అంకె చెప్పు."

తేలాల్సినవి ఇవి. పదంతో వెతికితే నెల్లూరు గొర్రెల పేపర్లు కూడా వస్తున్నాయి, వాటిని ఎలా ఏరాలి? పేపర్‌ను ప్రతి దేశానికీ ఒకటిగా లెక్కపెట్టాలా, పంచి ఇవ్వాలా? సహకారం బలాన్ని కొలిచే సూచీలకు సాల్టన్, జకార్డ్, అఫినిటీ ఇండెక్స్ అని మూడు పేర్లు కనిపిస్తున్నాయి, మన ప్రశ్నకు ఏది తగినది? ఉమ్మడి పేపర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నప్పుడు ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి?

పెన్నా_డేటా

ఇండెక్సుల సంగతి తర్వాత. మీ ఫైలు శుభ్రంగా లేకపోతే ఏ సూత్రం పెట్టినా అర్థం లేని అంకే వస్తుంది. ఈ అంశంలో పదాల చిక్కు మామూలు కంటే ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

బ్రెజిల్‌వాళ్లు ఈ పేరును ఒక్క ఎల్‌తోనూ రాస్తారు, రెండు ఎల్‌లతోనూ రాస్తారు. రెండు స్పెల్లింగులూ పెట్టాలి. మనవాళ్లు 'ఒంగోలు' అనే రాస్తారు, 'నెల్లూరు' అంటే మన పేపర్లలో దాదాపు ఎప్పుడూ గొర్రే: పల్ల, జోడిపి, దొర రకాలు. ఇండోనేషియాలో ఇదే జాతికి పెరానకన్ ఒంగోల్ అనీ, సుంబా ఒంగోల్ అనీ పేర్లున్నాయి. 'ఒంగోల్' పదం పెడితే అవి కూడా చిక్కుతాయి. కానీ కొన్ని ఇండోనేషియా పేపర్ల శీర్షికల్లో 'పీఓ' అనే రెండక్షరాలే ఉంటాయి. ఆ రెండక్షరాలతో వెతికితే ప్రపంచంలోని చెత్తంతా వస్తుంది. వాటికోసం 'పెరానకన్' అని విడిగా ఇంకో వెతుకులాట చేసి కలుపుకోండి.

వెతికే చోటు టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, కీవర్డ్‌లకే పరిమితం చేయండి. 'అన్ని ఫీల్డులు' అని పెడితే చిరునామాలూ, చివరి రిఫరెన్సులూ కూడా అందులోకి వస్తాయి. నెల్లూరు, ఒంగోలు మెడికల్ కాలేజీల డాక్టర్లు రాసిన గుండె జబ్బుల పేపర్లు మీ పశువుల ఫైల్లో చేరేది అలాగే.

గొర్రెల్ని తీసెయ్యడానికి 'నాట్ షీప్' అని మాత్రం రాయకండి. మేత అరుగుదల మీద పశువుల్నీ గొర్రెల్నీ పోల్చిన పేపర్లు చాలా ఉంటాయి, అవన్నీ పోతాయి. జాతి పేరుతోపాటు పశువు, ఎద్దు, ఆవు, పెయ్య, జెబూ, బాస్ ఇండికస్ అన్న పదాల ఇంగ్లీషు రూపాల్లో కనీసం ఒకటైనా ఉండాలని షరతు పెట్టండి. దాన్నీ దాటి వచ్చిన గొర్రెల పేపర్లను శీర్షిక చూసి చేత్తో తీసెయ్యండి. ఈ ఏరివేత ఇద్దరు విడివిడిగా చేసి, తేడా వచ్చిన చోట కలిసి కూర్చుని తేల్చుకుంటే వైవాలో ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇంకో నిర్ణయం ముందే తీసుకోవాలి: బ్రాహ్మన్ జాతిని కలుపుతారా? అమెరికాలో తయారైన ఆ జాతిలో మన ఒంగోలు రక్తం ఉంది, గిర్, కాంక్రేజ్ రక్తాలూ ఉన్నాయి. దాన్ని కలిపితే ఆస్ట్రేలియా, అమెరికా వెల్లువలా వచ్చిపడి మీ ప్రశ్నే మారిపోతుంది. కలపకపోవడమే మేలని నా అభిప్రాయం. ఏది చేసినా పద్ధతుల అధ్యాయంలో ఒక వాక్యం రాయండి.

ఇక దేశం పేరు తీయడం. స్కోపస్ ఫైల్లో ఒక్కో సంస్థ చిరునామా సెమీకోలన్‌తో విడిపోయి ఉంటుంది. ప్రతి చిరునామాలో చివరి కామా తర్వాత ఉన్నదే దేశం. అదొక్కటే తీసుకోవాలి. ఎక్సెల్‌లో 'ఇండియా' అని సెల్ మొత్తం వెతికితే అమెరికాలోని ఇండియానా రాష్ట్రం దొరుకుతుంది. 'ఇండియన్' అన్న మాట పేరులో ఉన్న ప్రతి సంస్థా, ప్రతి వీధీ దొరుకుతాయి. జార్జియా రాష్ట్రం, జార్జియా దేశం కలిసిపోవడం కూడా ఇలాంటిదే. స్కోపస్ లాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్ వాడితే ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ వేర్వేరు దేశాలుగా వస్తాయి. కలపకపోతే ఎడిన్‌బరావాళ్లు లండన్‌వాళ్లతో కలిసి రాసినది కూడా అంతర్జాతీయ సహకారం అయి కూర్చుంటుంది. వాస్‌వ్యూయర్‌లో దీనికి థెసారస్ ఫైలు (ఏ పేరును ఏ పేరుగా మార్చాలో చెప్పే జాబితా) ఇవ్వాలి: ట్యాబ్‌తో విడదీసిన రెండు నిలువు వరసలు, మొదటిదానికి 'లేబుల్', రెండోదానికి 'రీప్లేస్ బై' అన్న శీర్షికలు. బ్రెజిల్ రెండు స్పెల్లింగులు, వియత్నాం రెండు స్పెల్లింగులు, బ్రిటన్ ముక్కలు, అన్నీ అందులోనే సర్దుకోవచ్చు.

స్కోపస్ ఒక్కదానితో ఆగకండి. బ్రెజిల్ పోర్చుగీసు పత్రికలు, మన వెటర్నరీ పత్రికలు కొన్ని అందులో ఉండవు, లేదా కొన్నేళ్లే ఉంటాయి. ఓపెన్‌అలెక్స్ అనే ఇంకో డేటాబేస్ 2022లో మొదలైంది. డేటా మొత్తం ఉచితం, పరిధి చాలా పెద్దది. దాంట్లోని లోపం వేరే రకం: చాలా పేపర్లకు రచయితల సంస్థల వివరాలు ఖాళీగా ఉంటాయి. అసలు దేశమే లేని పేపర్‌ను పక్కన పెట్టి, ఎన్ని పెట్టారో చెబితే సరిపోతుంది. ప్రమాదం సగం నిండినవాటితో వస్తుంది. ఐదుగురు రచయితల్లో బ్రెజిల్‌వాళ్లు నలుగురికి చిరునామా ఉండి, హైదరాబాద్ ఆయనకు లేకపోతే ఆ పేపర్ శుద్ధ స్వదేశీగా లెక్కకొస్తుంది. ఈ తప్పు ఎప్పుడూ సహకారాన్ని తగ్గించే వైపే లాగుతుంది. ఓ వంద పేపర్లు యాదృచ్ఛికంగా తీసి, అసలు పీడీఎఫ్‌లతో సరిచూసి, ఎన్నింట్లో దేశం జారిపోయిందో శాతం రాయండి.

కందుకూరు_గణితం

పైన చెప్పినట్టు ఫైలు సిద్ధమైందనుకుందాం. నా సలహా ఏమిటంటే పటాన్ని పక్కన పెట్టి ముందు పట్టిక తయారు చేయండి. అడ్డువరసకో పేపర్, నిలువు వరసకో దేశం. ఆ పేపర్లో ఆ దేశం ఉంటే 1, లేకపోతే 0. ఒక దేశంవాళ్లు పదిమంది ఉన్నా 1 మాత్రమే. రెండు దేశాల నిలువు వరసలకు ఎక్సెల్‌లో సమ్‌ప్రొడక్ట్ వేస్తే ఉమ్మడి పేపర్ల సంఖ్య వస్తుంది. రెండు మూడు వేల పేపర్లు, నలభై దేశాలంటే మామూలు ల్యాప్‌టాప్‌కు పెద్ద పనేం కాదు.

లెక్కపెట్టే తీరు గురించి. నలుగురు రచయితల పేపర్, ముగ్గురు బ్రెజిల్, ఒకరు భారత్ అనుకోండి. పూర్తి లెక్కలో ఇద్దరికీ 1 చొప్పున. దేశాలవారీగా పంచితే 0.5, 0.5. రచయితలవారీగా పంచితే 0.75, 0.25. 'ఎవరు ఎంత పని చేశారు' అన్నది ప్రశ్నయితే పంచాలి. 'ఎవరు ఎవరితో కలిశారు' అన్నది ప్రశ్నయితే పూర్తి లెక్కే సహజం, ఎందుకంటే కలవడం అనేది ముప్పావు వంతు జరగదు. మీది రెండో ప్రశ్న.

అయితే పూర్తి లెక్కలో ఒక గుంట ఉంది. పెద్ద కన్సార్షియం పేపర్, అంటే అనేక దేశాల బృందాలు కూటమిగా రాసింది. ఒక పేపర్లో 20 దేశాలుంటే 20 × 19 ÷ 2 = 190 జంటలు ఒక్కసారిగా పుడతాయి. భౌతికశాస్త్రంలో ఇది విపరీతంగా ఉంటుంది: 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి వేసిన పేపర్‌కు రచయితలు 5,154 మంది. పశువుల్లో అంత లేకపోయినా జీనోమ్ పేపర్లు కొన్ని ఈ కోవలోవే. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన బొవైన్ హ్యాప్‌మ్యాప్ పేపర్ 19 జాతులకు చెందిన 497 పశువుల్ని పరిశీలించింది, నెలోర్ అందులో ఒకటి. అలాంటి పేపర్లో రెండు దేశాల పేర్లు కలిసి కనపడ్డాయంటే ఆ రెండు ల్యాబులు మాట్లాడుకున్నాయని అర్థం కాదు. వాస్‌వ్యూయర్‌లో ఫ్రాక్షనల్ కౌంటింగ్ ఎంచుకుంటే ఒక్కో జంటకు 1 ÷ (దేశాల సంఖ్య – 1) బరువే ఇస్తుంది. అంటే ఆ 190 జంటల్లో ఒక్కోదానికి 1/19, మొత్తం కలిపి 10. పూర్తి లెక్కతో ఒకసారి, దీంతో ఒకసారి చేసి, రెండింటి ఫలితం ఒకే వైపు ఉందో లేదో చూపండి. అలాగే అతి ఎక్కువ దేశాలున్న ఒకటి రెండు పేపర్లు తీసేసి మళ్లీ లెక్కగట్టండి. అవి తీస్తే గీతే మాయమైతే, ఆ విషయమే మీ ఫలితం.

ఇప్పుడు ఇండెక్సులు. మీ అంకెలు నాకు తెలియవు కాబట్టి ఊహించిన అంకెలతో చెబుతాను, వీటిని ఎక్కడా ఉటంకించకండి. మొత్తం పేపర్లు 1000. బ్రెజిల్ 700, అమెరికా 120, భారత్ 100, ఇండోనేషియా 80. ఉమ్మడివి: బ్రెజిల్–అమెరికా 84, భారత్–బ్రెజిల్ 7, భారత్–ఇండోనేషియా 2.

సాల్టన్ అంటే ఉమ్మడి పేపర్ల సంఖ్యను, రెండు దేశాల పేపర్ల లబ్ధానికి వర్గమూలంతో భాగించడం. భారత్–బ్రెజిల్: 7 ÷ √(100 × 700) = 0.0265. భారత్–ఇండోనేషియా: 2 ÷ √(100 × 80) = 0.0224. బ్రెజిల్ కొంచెం పైన.

జకార్డ్ అంటే ఉమ్మడివాటిని రెండింటి సమ్మేళనంతో భాగించడం. భారత్–బ్రెజిల్: 7 ÷ (100 + 700 – 7) = 0.0088. భారత్–ఇండోనేషియా: 2 ÷ (100 + 80 – 2) = 0.0112. వరస తిరగబడింది, ఇండోనేషియా పైకొచ్చింది.

అఫినిటీ అంటే, ఉన్న ఉమ్మడి పేపర్లు యాదృచ్ఛికంగా రావలసినవాటికి ఎన్ని రెట్లు అన్నది. (మొత్తం × ఉమ్మడి) ÷ (ఒకరి పేపర్లు × ఇంకొకరి పేపర్లు). బ్రెజిల్–అమెరికా: 1000 × 84 ÷ (700 × 120) = 1.0. భారత్–బ్రెజిల్: 0.1. భారత్–ఇండోనేషియా: 0.25.

చూశారా, పటంలో అంత లావుగా కనపడే బ్రెజిల్–అమెరికా గీత వాళ్ల పరిమాణాన్ని బట్టి రావలసినంతే, పైసా ఎక్కువ లేదు. వాస్‌వ్యూయర్‌లో గీత లావు పచ్చి సంఖ్యను చూపుతుంది. వృత్తాల మధ్య దూరమే పరిమాణం తీసేసిన బంధాన్ని చూపుతుంది. చాలామంది లావు చూసి వ్యాఖ్యానం రాసేస్తారు. మీ ప్రశ్న 'ఉండాల్సినంత ఉందా' అనేది కాబట్టి నా ఓటు అఫినిటీకే.

ఒంగోలు_గ్రంథాలయం

ఇద్దరికీ ధన్యవాదాలండి. మధ్యలో ఇంకో రెండు సందేహాలు. బిబ్లియోషైనీలో (ఇలాంటి లెక్కలకే వాడే ఇంకో సాఫ్ట్‌వేర్) 'కరెస్పాండింగ్ ఆథర్ దేశాలు' (పేపర్ తరఫున ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే రచయిత దేశం) అనే పటం చూస్తే, బహుళదేశ పేపర్లలో భారత్ పట్టీ దాదాపు లేనట్టే ఉంది. వాస్‌వ్యూయర్ దగ్గర మాత్రం కొంత కనిపిస్తోంది. ఏది నమ్మాలి? ఇంకోటి, వాస్‌వ్యూయర్ 'అసోసియేషన్ స్ట్రెంత్' అనేదీ, కందుకూరు వారు చెప్పిన అఫినిటీ రెండూ ఒకటేనా?

కందుకూరు_గణితం

బిబ్లియోషైనీ పటం ప్రతి పేపర్‌ను కరెస్పాండింగ్ రచయిత దేశం ఖాతాలో మాత్రమే వేస్తుంది. సావో పాలో ప్రొఫెసర్ కరెస్పాండింగ్ రచయితగా ఉండి, మన కరీంనగర్‌వాళ్లో కర్నాల్‌వాళ్లో సహరచయితలైతే, అది బ్రెజిల్ బహుళదేశ పేపరే అవుతుంది, భారత్ పట్టీకి చేరదు. కాబట్టి రెండూ తప్పు కాదు. ఆ పటం చెప్పేది 'ఎవరు నడిపించారు' అని. రెండూ పక్కపక్కన పెడితే మంచి పరిశీలన వస్తుంది: కలిసిన పేపర్లలో మనవాళ్లు నడిపించినవి ఎన్ని, వెంట నడిచినవి ఎన్ని.

రెండో ప్రశ్నకు: సూత్రం ఆకారం ఒకటే, హారం వేరు. నేను పైన భాగించింది దేశం మొత్తం పేపర్లతో. వాస్‌వ్యూయర్ భాగించేది ఆ దేశపు మొత్తం లింకు బలంతో. స్వదేశీ పేపర్లు అందులోకి రావు. అంటే అది 'సరిహద్దు దాటినప్పుడు ఎవరి వైపు దాటారు' అన్న ప్రశ్నకు జవాబు. నా లెక్క 'అసలు దాటారా, దాటితే ఎటు' అన్న రెండింటినీ కలిపేస్తుంది. బిబ్లియోషైనీ వెనకున్న బిబ్లియోమెట్రిక్స్ ప్యాకేజీలో నార్మలైజేషన్ (పరిమాణం ప్రభావం తీసేయడం) దగ్గర అసోసియేషన్, జకార్డ్, ఇన్‌క్లూజన్, సాల్టన్, ఈక్వివలెన్స్ అని ఉంటాయి. ఈక్వివలెన్స్ అంటే సాల్టన్ వర్గమే, కొత్తదేం కాదు.

వాస్‌వ్యూయర్ నుంచి నెట్‌వర్క్ ఫైలు సేవ్ చేసుకోండి. అందులో జంటలూ, వాటి పచ్చి బలాలూ ఉంటాయి. మీ ఎక్సెల్ పట్టికతో అవి సరిపోవాలి. సరిపోకపోతే థెసారస్‌లో ఏదో దేశం జారింది, లేదా ఎక్కువ దేశాలున్న పేపర్లను వదిలేసే గడి టిక్ అయి ఉంది. అక్కడి పరిమితి మామూలుగా 25 దేశాలు.

ఉదయగిరి_స్కాలర్

కందుకూరు గారి లెక్కలు సరైనవే, కానీ తీర్మానంతో నేను ఏకీభవించను. అఫినిటీని ఒక్కదాన్నే చూపితే గైడ్ గారికి తప్పుడు బొమ్మ వెళుతుంది.

ఈ రంగంలో బ్రెజిల్ ఒక్కటే 1000లో 700 పట్టేసింది. భారత్ రాసిన 100 పేపర్లూ బ్రెజిల్‌తోనే రాసిందనుకోండి, అంతకు మించిన సహకారం సాధ్యం కాదు. అప్పుడు కూడా అఫినిటీ 1000 × 100 ÷ (100 × 700) = 1.43. అదే పైకప్పు. ఇండోనేషియాతో అయితే పైకప్పు 1000 × 80 ÷ (100 × 80) = 10. ఇప్పుడు బ్రెజిల్ 0.1ని 1.43తో, ఇండోనేషియా 0.25ని 10తో పోల్చండి. మొదటిది సాధ్యమైన దాంట్లో 7 శాతం, రెండోది 2.5 శాతం. వరస మళ్లీ తిరగబడింది. జకార్డ్‌కు కూడా ఇదే జబ్బు: బ్రెజిల్‌తో దాని గరిష్ఠం 100 ÷ 700 = 0.143 దాటదు. ఒక దేశం రంగాన్ని కమ్మేసినప్పుడు ఈ సూచీలన్నీ దాన్ని శిక్షిస్తాయి.

అందుకని ముందు వరసలో పెట్టాల్సింది రెండు మామూలు శాతాలు. భారత్ పేపర్లలో బ్రెజిల్‌తో కలిసినవి ఎంత శాతం: 7. బ్రెజిల్ పేపర్లలో భారత్‌తో కలిసినవి ఎంత శాతం: 1. ఈ బంధం రెండు వైపుల నుంచీ ఒకేలా కనపడదు, సాల్టన్, జకార్డ్, అఫినిటీ మూడూ ఆ తేడాను చెరిపేస్తాయి. రెండు శాతాలు, వాటి కింద పచ్చి పట్టిక, ఆ తర్వాత ఒక సూచీ. ఎవరికి కావాలంటే వాళ్లు తిరిగి లెక్కగట్టుకోవచ్చు.

ఇక చిన్న అంకెల సంగతి. 7 అన్న లెక్కకు పాయిసాన్ పద్ధతిలో 95 శాతం విశ్వాస అవధి (అసలు విలువ ఉండగల హద్దులు) దాదాపు 2.8 నుంచి 14.4. 2 అన్నదానికి 0.24 నుంచి 7.2. రెండు అవధులూ ఒకదాని మీద ఒకటి ఇంతగా పడుతుంటే 'బ్రెజిల్ కంటే ఇండోనేషియా దగ్గర' అనో, 'దూరం' అనో చెప్పే హక్కు మనకు లేదు. మూడో దశాంశం దాకా సూచీ రాసి వరసలు కట్టడం మానుకోండి. ఉమ్మడి పేపర్లు 10 లోపు ఉన్న జంటలకు సూచీ పక్కనే అవధి వేయండి, లేదా పేపర్ల జాబితా ఇచ్చేయండి. ఏడు పేపర్లే అయితే ఏడూ చదవొచ్చు. ఒకే పీహెచ్‌డీ విద్యార్థి నుంచి నాలుగు వచ్చాయా, ఏడు వేర్వేరు బృందాలవా అన్నది ఏ ఇండెక్స్ కంటే ఎక్కువ చెబుతుంది.

ఏడాదికేడాది గీత గీయకండి, అది రంపపు పళ్లలా వస్తుంది. 1990–94, 1995–99 అంటూ ఐదేళ్ల ముక్కలు చేయండి. ఇంకో జాగ్రత్త: అంతర్జాతీయ పేపర్ల వాటా అన్ని రంగాల్లోనూ పెరుగుతూనే ఉంది. భారత్–బ్రెజిల్ శాతం పెరిగిందని సంతోషపడే ముందు, మన పశువుల పరిశోధన మొత్తంలో విదేశీ సహకారం ఎంత పెరిగిందో దాన్ని పక్కన పెట్టి చూడాలి. దానికంటే వేగంగా పెరిగితేనే అది బ్రెజిల్ కథ.

కావలి_వెటర్నరీ

లెక్క మీద లెక్క బాగా నడుస్తోంది. ఆ అంకె వెనక ఏముందో చెప్పేవాళ్లు కూడా కావాలి కదబ్బా, అందుకే రాస్తున్నాను.

మొదటి విషయం, జాతి ఒకటే అయినా పరిశోధన ఒకటి కాదు. బ్రెజిల్‌లో నెలోర్ అంటే మాంసం: బరువు పెరుగుదల, మేత సామర్థ్యం, మాంసం మెత్తదనం, పచ్చిక, జీనోమ్ ఆధారిత ఎంపిక. మన దగ్గర మాంసం అన్న ప్రశ్నే రాదు, ఇక్కడ ఒంగోలు అంటే దుక్కి బలం, జాతి పరిరక్షణ, సంతానోత్పత్తి, ఎంతో కొంత పాలు. రెండు బృందాలు ఒకరి పేపర్లు ఒకరు చదవకపోవడానికి సగం కారణం ఇదే. కాబట్టి మీ పేపర్లను అంశాలవారీగా విడదీయండి: పోషణ, పునరుత్పత్తి, జన్యుశాస్త్రం, వ్యాధులు, మాంసం. భారత్ వాటా కాస్తో కూస్తో ఉన్నది జన్యుశాస్త్రం, పునరుత్పత్తిలో అయితే, అక్కడ మాత్రమే సహకారం కొలవడం న్యాయం. మాంసం పేపర్ల మీద భాగిస్తే సహజంగానే సున్నాకు దగ్గర వస్తుంది, దాన్ని 'బలహీన సహకారం' అనడం తప్పు. కందుకూరు గారి అఫినిటీని ఒక్కో అంశం లోపల కట్టి చూస్తే ఉదయగిరి గారి పైకప్పు సమస్య కూడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే బ్రెజిల్ వాటా అన్ని అంశాల్లో ఒకేలా ఉండదు.

రెండోది చట్టం. మన పశువు వీర్యం, పిండం, రక్త నమూనా విదేశీయుల చేతికి పరిశోధన కోసం వెళ్లాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందిన ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులకు 5వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. దాని మీద పశువ్యాధుల క్వారంటైన్ నిబంధనలు వేరే. కాబట్టి 2002 ముందు, తర్వాత అని విడదీసి చూడటం అర్థవంతమైన విభజన. చట్టం వల్లే తగ్గిందని మాత్రం రాయకండి. ఆ తర్వాత కొన్నేళ్లకే చౌక జీనోమ్ చిప్‌లు కూడా వచ్చాయి, నమూనా కదలకుండా డేటా మాత్రమే కదిలే పద్ధతి మొదలైంది. రెండూ ఎదురెదురు దిశల్లో లాగుతాయి.

మూడోది, పేపర్‌లో కనపడని సహకారం. నమూనా ఇచ్చినవాళ్లు, డేటా పంచినవాళ్లు, శిక్షణకు వెళ్లివచ్చినవాళ్లు చాలాసార్లు కృతజ్ఞతల్లోనే మిగిలిపోతారు. స్కోపస్ ఫైల్లో నిధుల కాలమ్ ఉంటుంది. ఒకే పేపర్లో మన సంస్థ నిధులు, బ్రెజిల్ సంస్థ నిధులు రెండూ కనపడితే అది చేతులు కలిపి చేసిన పని అనడానికి సహరచన కంటే గట్టి సాక్ష్యం. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఉటంకింపులు కూడా విడివిడిగా లెక్కపెట్టండి. బ్రెజిల్ పేపర్లు మన పాత ఒంగోలు పేపర్లను ఉటంకిస్తూ మనవాళ్లు వాళ్లవి ఉటంకించకపోతే, లేదా అందుకు తారుమారైతే, కలిసి రాయకపోయినా జ్ఞానం ఎటు పారుతోందో తెలుస్తుంది.

ఒప్పందాల సంఖ్యను సహకారంగా చూపే అలవాటు ఉంది, దాన్ని దూరం పెట్టండి. ఒప్పందానికీ ఫలితానికీ మధ్య ఎంత కాలం పడుతుందో మన పక్కనే సాక్ష్యం ఉంది. నిసార్ ఉపగ్రహం మీద ఇస్రో, నాసా 2014లో ఒప్పందం చేసుకున్నాయి. శ్రీహరికోట నుంచి అది పైకి లేచింది 2025 జూలై 30న. ఎల్ బ్యాండ్ రాడార్ వాళ్లది, ఎస్ బ్యాండ్ మనది. ఆ పదకొండేళ్లలో రెండు దేశాల ఇంజనీర్లు చేసినంత ఉమ్మడి పని చాలా రంగాల్లో ఉండదు, అయినా దాని డేటాతో రాసే పేపర్లు ప్రయోగం తర్వాతే వస్తాయి. పశువుల ప్రజననం ఇంకా నెమ్మది: ఆవుకు చూడి తొమ్మిది నెలలు, దూడ ఎదిగి మళ్లీ ఈనడానికి మూడు నాలుగేళ్లు. ఒక ప్రాజెక్టు మొదలైన ఏడాదికీ, పేపర్ అచ్చయిన ఏడాదికీ మధ్య ఐదారేళ్లు తేడా ఉందనుకుని మీ ముక్కల్ని అన్వయించండి.

ఒంగోలు_గ్రంథాలయం

చాలా స్పష్టత వచ్చిందండి. అంశాలవారీగా విడదీసి, రెండు వైపుల శాతాలు, విశ్వాస అవధి, పక్కన అఫినిటీ పెడతాను. ఆఖరిది ఒకటి: కొన్ని పేపర్లలో ఒకే రచయితకు రెండు దేశాల చిరునామాలు ఉన్నాయి, ఒకటి బ్రెజిల్ విశ్వవిద్యాలయం, ఒకటి మనది. వీటిని ఏం చేయాలి?

పెన్నా_డేటా

అది మంచి ప్రశ్న, చిన్న ఫైళ్లలో ఇదే ఫలితాన్ని మార్చేస్తుంది. పోస్ట్‌డాక్‌కు వెళ్లిన మనవాడు ఒక్కడే రాసిన పేపర్‌కు కూడా రెండు చిరునామాలుంటే, మామూలు లెక్కలో అది భారత్–బ్రెజిల్ ఉమ్మడి పేపరే. ఒక మనిషి తనతో తాను సహకరించుకున్నట్టు అవుతుంది.

స్కోపస్‌లో 'ఆథర్స్ విత్ అఫిలియేషన్స్' అనే కాలమ్ తీసుకోండి. రచయితలు సెమీకోలన్‌తో విడిపోయి ఉంటారు. ఒక్కో రచయిత ముక్కలో ఎన్ని దేశాల పేర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత ఈ పరీక్ష పెట్టండి: పేపర్లో భారత్ చిరునామా మాత్రమే ఉన్న రచయిత కనీసం ఒకరు, బ్రెజిల్ చిరునామా మాత్రమే ఉన్న రచయిత కనీసం ఒకరు ఉన్నారా? ఉంటే అది ఇద్దరు మనుషుల మధ్య సహకారం. లేకపోతే రెండు చిరునామాల వల్ల ఏర్పడిన లింకు అని వేరే వరసలో వేయండి, పారేయకండి. మనిషి రాకపోకలు కూడా ఒక రకం బంధమే, పేరు మాత్రం వేరుగా ఉండాలి.

వెబ్ ఆఫ్ సైన్స్‌తో చేస్తే ఒక అడ్డంకి ఉంది: 2008కి ముందు రికార్డుల్లో ఏ రచయితది ఏ చిరునామా అన్న లంకె మామూలుగా ఉండదు, చిరునామాలన్నీ ఒక కుప్పగా ఉంటాయి. ఆ కాలానికి ఈ పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో నడవదు. మీ 1990–2007 ఉమ్మడి పేపర్లు ఎలాగూ కొన్నే ఉంటాయి కాబట్టి పీడీఎఫ్ మొదటి పేజీ తెరిచి, పేర్ల మీది చిన్న అంకెల్ని చూసి చేత్తో నింపండి. పాత బ్రెజిల్ పత్రికలు చాలావరకు సైలో అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. మన పాత వెటర్నరీ పత్రికల కోసం మాత్రం కాలేజీ లైబ్రరీల్లో బైండు వాల్యూములు తిరగెయ్యాల్సిందే.